గోంగూరకి ఇంగ్లీషు పేరు

మా కమ్యూనిటీలో ఎవరికి ఏ ఫారం వచ్చినా అది తిరిగి తిరిగి నా దగ్గరికే చేరేది. వీసా పొడిగింపు, గ్రీన్‌కార్డు, పిల్లల బడి అడ్మిషన్, ఇండియా నుంచి వచ్చే అత్తగారికి ట్రావెల్ ఇన్సూరెన్స్, ఏదైనా సరే. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే వేరేవాళ్లు చేసిన తప్పులు వెతికి, వాటికి నంబర్లు వేసి, మర్యాదగా వాళ్ల మొహాన కొట్టడం. పదిహేనేళ్లు అదే పనిలో ఉంటే, తప్పులు చేసేది వేరేవాళ్లే అన్న నమ్మకం మనిషికి నెమ్మదిగా ఒంటబడుతుంది. అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో మా వీధి పిల్లలు నాకు 'ఫారమ్స్ అంకుల్' అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారని ఇప్పుడు తెలుస్తోంది కానీ, అప్పుడు మాత్రం లోలోపల మురిసిపోయాను.

అక్క నాకు సొంత అక్క కాదు. బాపట్ల దగ్గరి పల్లె నుంచి, వాళ్లన్నయ్య స్పాన్సర్ చేస్తే, భర్తతో కలిసి వచ్చింది. బావగారు గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ దగ్గర పనిచేస్తారు. అక్క కూడా రెండేళ్లు అక్కడే కాఫీ గిన్నెలు కడిగి, ఇక నా వల్ల కాదని, ఊరికి నలభై నిమిషాల దూరంలో ఒక అమెరికన్ పెద్దావిడ దగ్గర నాలుగెకరాలు కౌలుకు తీసుకుంది. బెండ, దోస, బచ్చలి కొంచెం కొంచెం. మిగతాదంతా గోంగూర. శనివారం పొద్దున పాత తెల్ల వ్యాన్‌లో వచ్చి మా క్లబ్‌హౌస్ పార్కింగ్‌లో ఆపేది. నేను కట్టలు ఏరుకుంటూ, "అక్కా, పుంటికూర మంచిగుందా ఈ వారం?" అని అడిగేవాణ్ణి. మాది వరంగల్. మేం దాన్ని అలాగే అంటాం.

"పుంటికూరేంది తమ్ముడూ, పుల్లలేరుకొచ్చినట్టు. గోంగూర అను, నోరూరుద్ది" అనేది.

"గోంగూర అంటే ఏదో గొంతులో అడ్డం పడ్డట్టుంటదక్కా" అనేవాణ్ణి నేను. వారం వారం ఇదే వాదన. ఒకే ఆకుకి రెండు పేర్లేంటని మేం తగువు పడుతుంటే, దానికి ఇంగ్లీషులో కూడా ఒక పేరుంటుందని, ఆ పేరుతో నేను కొంప ముంచుతానని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

మా శనివారం కట్టలు ఆవిడకి చేతి ఖర్చు మాత్రమే. అసలు బేరమంతా రెస్టారెంట్లు, పెళ్లిళ్ల కేటరింగ్ వాళ్లు, గుడి క్యాంటీన్, తెలుగు సంఘం పిక్నిక్‌లు. కరోనా వచ్చేసరికి అవన్నీ ఒక్క వారంలో మూతబడ్డాయి. మాకు మాత్రం ఇంట్లో కూర్చున్నా రెండు వారాలకోసారి జీతం టంచనుగా పడింది. పైగా ప్రభుత్వం మా ఇంటికి కూడా సాయం పంపింది. ఏ కష్టానికి పంపిందో తెలియక, ఆ డబ్బుతో పెద్ద టీవీ కొన్నాను. రొట్టెలు కాల్చడం నేర్చుకున్నాం. వాట్సాప్ గ్రూపులో రైతుకి దండం పెడుతున్న బొమ్మలు ఒకరికొకరం పంపుకున్నాం. ఆ వేసవంతా అక్క చేలో గోంగూర కొనేవాళ్లు లేక, కోయక, నడుమెత్తు దాటి, ముదిరి, కాడలు కట్టెలైపోయాయి.

అక్క దిగులు పెట్టుకున్నది ఆ పంట గురించి కాదు. పంట పోతే పోయింది, ఇంకో ఏడాది వేసుకుంటుంది. కౌలు కాగితం మాత్రం ప్రతి డిసెంబరులో మళ్లీ రాయించుకోవాలి. అప్పటికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఊరికి అంత దగ్గరగా, బోరు నీళ్లున్న నేల ఆవిడకి ఎన్నో చోట్ల తిరిగితే దొరికింది. అది చేజారితే ఇంకొకటి దొరకదని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. వచ్చే ఏడాది కూడా ఆ నాలుగెకరాల్లో విత్తనం చల్లుకోవాలి, ఆవిడ కోరిక అంతే.

అలాంటప్పుడు, కరోనాలో నష్టపోయిన స్థానిక రైతులకు ప్రభుత్వం డబ్బులిస్తుందని తెలిసింది. సెప్టెంబరులో ఒక శనివారం అక్క మాస్కు సర్దుకుంటూ అడిగింది. "తమ్ముడూ, వాళ్ల లెక్కలో నేను కూడా రైతునేనా?"

"ఎందుకు కాదక్కా? మీరేం పరేషాన్ కాకుండ్రి. నేను చూసుకుంట కదా" అన్నాను.

నేను చూసుకున్నాను. పక్కనే ఉండి అన్నీ దగ్గరుండి చూసుకున్నాను.

కౌంటీ వ్యవసాయ ఆఫీసులోకి అప్పుడు మనుషుల్ని రానివ్వడం లేదు. అంతా ఫోన్లు, ఈమెయిళ్లే. ఫోనెత్తినావిడది తీరిగ్గా సాగదీసే గొంతు. ముక్కూ మొహం తెలియని నన్ను మొదటి మాటలోనే 'హనీ' అంది. అక్క పొలం వివరాలన్నీ ఓపిగ్గా రాసుకుని, పంట ఏమిటని అడిగింది. గోంగూర అన్నాను. ఒక్కో అక్షరం చెప్పాను. ఆవిడ తిరిగి పలికింది. ఏదో రోగం పేరులా వినిపించింది.

"హనీ, దానికి ఇంగ్లీషు పేరేమన్నా ఉందా?" అని అడిగింది. మామూలుగానే అడిగింది. నాకు మాత్రం ఎక్కడో పొడుచుకుంది. మా గోంగూరకి ఇంగ్లీషు పేరు లేకపోవడమేమిటి? పంపిస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇండియన్ షాపుల్లో గోంగూర మీద 'సోరెల్' అని చీటీ అంటిస్తారు. ఇంకొకడైతే అదే రాసేసి చేతులు దులుపుకునేవాడు. రాస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ సోరెల్ అంటే నిజానికి చుక్కకూర. ఆ సంగతి నాకు తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేదో! ప్రభుత్వానికిచ్చే కాగితంలో గోంగూరని చుక్కకూరగా చలామణీ చేయడానికి నా వృత్తిధర్మం ఒప్పుకోలేదు. ఇంటర్నెట్‌లో ఏదో పాత నిఘంటువు పట్టుకున్నాను. గోంగూర అని కొడితే, నార తీసే మొక్క, ఒకరకం హెంప్ అని చూపించింది. గోగునార తాళ్లు నేను చిన్నప్పుడు చూసినవే. కాబట్టి అంతా అతికినట్టు సరిపోయింది. 'దక్కన్ హెంప్' అని కూడా ఒక పేరుంది. దక్కన్ అనేసరికి వరంగల్ వాణ్ణి, నాకు ఛాతీ కొంచెం పొంగింది.

ఫారంలో పంట పేరు గడిలో హెంప్ అన్న మాట టైపు చేయబోతే, మొదటి రెండు అక్షరాలకే జాబితా కిందికి జారి, 'హెంప్' అని తనంత తానే చూపించింది. అమెరికా ప్రభుత్వం దగ్గర గోంగూరకి సొంత గడి ఉంది! సంతోషం పట్టలేక మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. "మంచిది, భోజనానికి రండి" అంది. హెంప్ ఎంచుకోగానే కింద ఇంకో గడి తెరుచుకుంది. లైసెన్స్ నంబరట. కూరాకుకి లైసెన్సేమిటని నవ్వుకుని, వర్తించదు అని రాశాను. ఖాళీగా వదిలే అలవాటు నాకు లేదు.

కాగితాలు ప్రింట్ తీసి అక్కకిచ్చాను. ఇంటికి తీసుకెళ్లి సంతకం పెట్టి, మర్నాడు ఫోటో తీసి పంపింది. నేను దాన్ని ఆఫీసుకి పంపి, పని పూర్తయిందని బొటనవేలి బొమ్మ పెట్టాను.

రెండు వారాలకి, నేను టీమ్ మీటింగులో ఎవరిదో తప్పు వివరిస్తుండగా అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, గవర్నమెంటాయనొచ్చాడు. గోంగూర కోసుకుంటన్నాడు."

"మంచిదే కదక్కా. చూసేటందుకు వచ్చిండేమో."

"చూట్టం కాదయ్యా, సంచుల్లో ఏసి సీలేస్తన్నాడు. అదీ ఆకు వదిలేసి పైన కొనలు కోస్తన్నాడు. పచ్చడికి కొనలు పనికిరావని నువ్వన్నా చెప్పు. డబ్బుల ఊసే ఎత్తట్లా. పోనీలే అని నేనే నాలుగు లేత కట్టలు ఇచ్చా. చేత్తో కూడా ముట్టుకోలేదు."

ఫోన్ ఆయనకివ్వమన్నాను. ఆయన చాలా మర్యాదస్తుడు. రాష్ట్ర వ్యవసాయ శాఖ నుంచి వచ్చానని, హెంప్ అనేది గంజాయి జాతి మొక్క కాబట్టి లైసెన్స్ లేకుండా పెంచడం నేరమని, లైసెన్స్ గడిలో 'వర్తించదు' అని రాయడం తన సర్వీసులో ఇదే మొదటిసారి చూడటమని చెప్పాడు. అయ్యా అది కూరాకు, మేం పప్పులో వేసుకుంటాం అన్నాను. ఆయన గొంతు తగ్గించి, "సర్, దాన్ని తింటామని మీరు ఫోన్లో చెప్పడం మంచిది కాదేమో" అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. గోంగూర ఆకు వేళ్లు విప్పిన చెయ్యిలా చీలి ఉంటుంది. ఆ ఇంకో ఆకు కూడా అంతే. పక్కపక్కన పెడితే నేనే పోల్చుకోలేను. అంతకు మించి, హెంప్ అని రాసింది నేను. అక్కకి మాత్రం, "ఆఫీసోళ్లు ఏదో గలత్ సమజ్ చేసుకున్నరక్కా, నేను మాట్లాడుత" అని చెప్పాను. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందంటే, ఒక గంట సేపు నేను కూడా నమ్మాను.

పరీక్ష ఫలితం మూడు వారాలకొచ్చింది. అందులో మత్తు పదార్థం ఏదీ లేదని, అసలది హెంప్ కానే కాదని తేల్చారు. దాంతో ఆ గొడవ ముగిసింది, ఇంకోటి మొదలైంది. అది హెంప్ కాకపోతే, హెంప్ పండించి నష్టపోయానని సాయం అడగడం ఎలా కుదురుతుంది? అక్క దరఖాస్తు పక్కన పెట్టారు. లైసెన్స్ లేకుండా పెంచినందుకు నేరస్థురాలు కాబోయిన మనిషి, అది పెంచలేదని తేలి అబద్ధాలకోరయింది. రెండింటికీ సంతకం ఆవిడది, రాత నాది.

అసలు దెబ్బ ఆఫీసు నుంచి రాలేదు. ప్రభుత్వం ముద్ర ఉన్న బండి చేలో ఆగడం, మాస్కు పెట్టుకున్న మనిషి మొక్కల కొనలు కోసి సంచులకు సీలు వేయడం, పొలం యజమాని పెద్దావిడ తన వరండాలో కూర్చుని చూసింది. అక్కంటే ఆవిడకి చాలా ఇష్టం. అక్క ఇచ్చిన బెండకాయలు వేయించుకుని తినేది, క్రిస్మస్‌కి కేక్ పంపేది. అక్క నన్ను వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లింది. పరీక్ష కాగితం చూపించాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా వాడాను.

పెద్దావిడ అంతా విన్నది. కాగితం కూడా చదివింది. "నువ్వు మంచిదానివి, నాకు తెలుసు స్వీట్‌హార్ట్" అని అక్క చెయ్యి పట్టుకుంది. తర్వాత మెల్లగా, మూడు తరాలుగా ఈ నేలలో తమ కుటుంబం మత్తు మొక్క ఒక్కటి కూడా పెంచలేదని, చర్చిలో అప్పుడే నలుగురూ అడుగుతున్నారని, వచ్చే ఏడాది కౌలుకివ్వలేనని చెప్పింది. ఆవిడ వెనకాలే, చెక్కలు నల్లబడిన పాత కొట్టం ఉంది. మూడు తరాల పాటు ఆ కుటుంబం పొగాకు ఆరబెట్టిన కొట్టం అది. నేను దాని వంక చూశాను, ఆవిడ కూడా చూసింది. ఆ కొట్టానికీ తన మాటకీ పొసగదని ఆవిడకేం అనిపించలేదు. వాదించడానికి నాకేమో మొహం లేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్ ఎక్కగానే అక్క నా వైపు తిరిగింది. "ఆ గవర్నమెంటోళ్లకి ఇంత కూడా తెలీదా తమ్ముడూ, కూరాకేదో గంజాయేదో" అంది. అవునక్కా, తెలియదు అన్నాను. ఇంకో మాట అనడానికి నలభై నిమిషాలు ఉన్నాయి. అనలేదు. నా పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

దరఖాస్తు సరిచేసుకోవచ్చని ఆఫీసులో 'హనీ' అన్నావిడే ఫోన్ చేసి చెప్పింది. పాపం, ఆవిడ పై అధికారులతో మాట్లాడి, దాన్ని మళ్లీ తెరిపించింది. ఈసారి నేను గోంగూర గురించి అంతా వివరించాను. పుల్లటి ఆకు, పప్పులో వేస్తాం, మాంసంలో వేస్తాం, పచ్చడి చేస్తాం.

"అంటే గ్రీన్స్ కదా హనీ!" అంది ఆవిడ. "మా అమ్మ ఆదివారం ఆదివారం వండేది. ముందే గ్రీన్స్ అని రాయకపోయావా?"

గ్రీన్స్. ఆకుకూరలు. ఈ దేశపు దక్షిణాదిలో వంటింట్లో రోజూ వినపడే మాట. నేను పదిహేనేళ్లుగా ఆ మాట వింటూనే ఉన్నాను, హోటల్ మెనూల్లో చదువుతూనే ఉన్నాను. నిఘంటువు తెరిచినవాణ్ణి, పక్కింటి అమెరికన్‌ని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. గ్రీన్స్ అని రాశాను. ఏ గడీ తెరుచుకోలేదు, ఎవరూ లైసెన్స్ అడగలేదు.

ఫిబ్రవరిలో అక్క ఖాతాలో డబ్బు పడింది. వెనకాలే ఉత్తరం వచ్చింది. కష్టకాలంలో స్థానిక రైతులు తమ సాగు ఆపకుండా కొనసాగించడానికి ఈ సాయం అని అందులో ఉంది. అప్పటికి అక్క చేను వదిలి ఏడు వారాలు. మోటారు అమ్మేసింది. డ్రిప్ పైపులు చుట్టలు చుట్టి అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టింది. పైనుండే ఆయన అవి చూడ్డానికి బాగా లేవని మేనేజ్‌మెంట్‌కి ఫిర్యాదు చేశాడట.

ఉత్తరం వచ్చిన వారం, అక్క, బావగారు మా ఇంటికొచ్చారు. చలిగా ఉన్నా కరోనా జాగ్రత్తకి గరాజ్ తలుపు తెరిచి, దూరంగా కుర్చీలేసుకుని కూర్చున్నాం. అక్క సీసా నిండా గోంగూర పచ్చడి తెచ్చింది. ఆఖరి కోతది. "నీ పుణ్యాన డబ్బులొచ్చినయి తమ్ముడూ" అంది.

అది ఇక నేను భరించలేకపోయాను. సీసా కింద పెట్టి చెప్పేశాను. ఆఫీసు వాళ్ల తప్పు కాదని, హెంప్ అని రాసింది నేనేనని, సోరెల్ అని రాసినా, ఆకుకూర అని రాసినా చేను నిలిచేదని, ఇన్నాళ్లూ అబద్ధం చెప్పానని. చెబుతున్నంతసేపూ గరాజ్ నేల వంకే చూశాను.

"నాకు తెలుసు తమ్ముడూ" అంది అక్క.

తలెత్తాను.

"సంతకం పెట్టేప్పుడే మా ఆయన చూశాడు. ఇదేందే, హెంప్ అనుంది, మా కౌంటర్ కాడ చిన్న చిన్న సీసాల్లో అమ్మే నూనె ఇదేగా, గోంగూర కాదిది, ఒకసారి తమ్ముణ్ణి అడుగు అన్నాడు. నేనే కసిరా. సిగరెట్లమ్ముకునే నీకేం తెలుసు, తమ్ముడు ఎమ్మెస్ చేశాడు అన్నా. ఇంక మాట్లాడలా."

బావగారు రోడ్డు వంక చూస్తూ కూర్చున్నారు. నాకు తల తీసేసినట్టయింది. నాలుగేళ్లుగా ఆ మనిషిని నమస్తే బావగారూ, బాగున్నారా అని తప్ప ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

"మరి కార్‌లో... ఆ రోజు, గవర్నమెంటోళ్లకి తెలీదా అన్నరు?"

"నువ్వేమన్నా చెప్తావేమోనని అన్నా" అంది అక్క. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "పోనీలే. నా కోసం కూర్చుని రాశావు. నీకు మాత్రం ఎట్టా తెలుసుద్ది?"

తర్వాత అక్క సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో ప్యాకింగ్ పని. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలట. "ఇది కూడా నువ్వే పెట్టు" అంది.

వద్దక్కా అనబోయాను. కానీ ఆవిడ అప్పటికే కుర్చీ దగ్గరికి జరుపుకుంది. లాప్‌టాప్ తెచ్చి ఒడిలో పెట్టుకున్నాను. పేరు, చిరునామా, ఫోన్ నంబరు అయ్యాయి. తర్వాతి గడి: ఇంతకు ముందు చేసిన పని.

"ఏం రాయమంటరక్కా?"

"రైతునని రాయి" అంది. "ఇంగ్లీషులో ఏమంటారో నీకు తెలుసుగా."

తెలుసు. రాశాను. కింది గడికి వెళ్లబోయి ఆగి, లాప్‌టాప్‌ని బావగారి వైపు తిప్పాను. ఆయన మొదట అక్క వంక చూశారు. అక్క తల వంచుకుంది. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, ఆ ఒక్క మాటనీ వేలు పెట్టి చదివారు.